కుర్చీ అంచు

నాయనమ్మ ఏనాడూ కుర్చీకి వీపు ఆన్చి కూర్చోలేదు. అంచున కూర్చుని, ఒక కాలు ముందుకు పెట్టి, ఎవరు పిలిచినా లేచి వెళ్లడానికి సిద్ధంగా ఉండేది. ఇంటిల్లిపాదికీ వండిపెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంటూనే ఆసుపత్రికి బయలుదేరేది; నా అన్నవాళ్లు లేని రోగులకు అన్నం తినిపించి, తలలు దువ్వి వచ్చేది. ఆ ప్రేమలో కల్తీ లేదని మనవరాలికి తెలుసు. అయితే ఒక మధ్యాహ్నం వీధి తలుపు చప్పుడైనప్పుడు, సామాన్ల గదిలో బోర్లించిన బకెట్ మీద గోడకు చేరగిలబడి ఉన్న నాయనమ్మ కళ్లు తెరవకుండానే, "లేనని చెప్పవే తల్లీ, ఈ ఒక్క పూటకి," అని గుసగుసలాడిన సంగతి కూడా ఆమెకే తెలుసు.

"నాయనమ్మ ఇంట్లో లేదండీ," అంది మనవరాలు. వచ్చిన ఆసుపత్రి ఆయా ఉసూరుమంది. "మూల మంచం ముసలాయన పొద్దుట్నుంచి మెతుకు ముట్టలేదమ్మా. ఆవిడొస్తేగానీ నోరు తెరవడట." ఆయా మెట్లు దిగకముందే లోపలినుంచి గొంతు వినిపించింది: "దీనికి కళ్లజోడు పెట్టించాలి, ఇంట్లో మనిషి కనపడదు! ఉండమ్మా, వస్తున్నా." చెప్పులు తొడుక్కుంటూ నాయనమ్మ మనవరాలి ముఖంకేసి చూడలేదు.

ఆమె పోయాక జరిగిన సంస్మరణ సభలో ఆ ఆయాయే కళ్లొత్తుకుంటూ, "ఆవిడకి అలసటంటే ఏంటో తెలీదు," అంది. తర్వాత మనవరాలి వైపు తిరిగింది. "నువ్వూ అచ్చం ఆవిడ పోలికేనమ్మా. రేపట్నుంచి వస్తావుగా?" అందరి కళ్లూ ఆమె మీదే నిలిచాయి. కాదనడానికి మాట వెతుక్కుంటూ ఆమె తల దించుకుంది. అప్పటికే తాను కుర్చీ అంచుకు జరిగి, ఒక కాలు ముందుకు పెట్టి ఉండడం చూసుకుంది.