మాట ముందుకు తోసుకొచ్చే పెట్టె

సినిమా హాల్లో మేస్త్రమ్మ నవ్వు ఎప్పుడూ ఆలస్యంగానే వచ్చేది. తెర మీద ఎవరో ఏదో అనేవారు, హాలంతా పగలబడి నవ్వేది, ఆవిడ మొగుడి వంక తిరిగేది. ఆయన ఆవిడ కుడి చెవి దగ్గరకు వంగి ఆ మాట మళ్ళీ చెప్పేవాడు. అప్పుడు ఆవిడ నవ్వేది. ఈలోగా కథలో ఎవరో చచ్చిపోయి ఉండేవారు. ముందు వరుసలో వాళ్ళు వెనక్కి తిరిగి చూసేవారు. చూస్తే చూశారు, ఆవిడ అంతకు రెట్టింపు గుడ్లురిమి వాళ్ళని చూసేది.

ఆ చెవులు పుట్టుకతో అలాంటివి కావు. పెళ్ళయిన కొత్తలో ఆవిడ మరమగ్గాల షెడ్డులో తెగిన పోగులు ముడివేసే పనికి చేరింది. పొడుగాటి రేకుల షెడ్డు. రెండు పక్కలా మగ్గాలు, ప్రతి మగ్గంలోనూ దారం మోసే నాడె అటూ ఇటూ కొట్టుకుంటూ ఒకటే మోత. అక్కడ నోటితో మాట్లాడటం దండగ. ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పట్టుకోవాలి, చేతి సైగతో జవాబివ్వాలి. పోగు తెగితే రెండు వేళ్ళు కత్తెరలా ఆడించడం, దారం అయిపోతే గుప్పిట తిప్పడం, యజమాని వస్తుంటే లేని మీసం దువ్వడం. ఆ భాషలో ఆవిడ అందరినీ మించిపోయింది. కొన్నేళ్ళకు వరస మొత్తానికి మేస్త్రీని చేశారు. అంతకు ముందు ఆ పని ఆడవాళ్ళెవరూ చేయలేదు కాబట్టి ఏమని పిలవాలో తెలియక మేస్త్రమ్మ అన్నారు. ఆ పేరు ఇంటిదాకా వచ్చింది. పేరుతోపాటు చెవుల్లో హోరు కూడా వచ్చింది, వచ్చి ఇక పోలేదు.

డాక్టరు చెవి మిషను ఇచ్చాడు. పెట్టుకుంటే గిన్నెల చప్పుడు, ఫ్యాను గాలి, వీధిలో హారను, మనిషి మాట అన్నీ ఒకే గంపలో వేసి నెత్తిన కుమ్మరించినట్టుండేది. ఎదురుగా కూర్చున్న మనిషితో ఆవిడకు ఇబ్బంది లేదు, పెదాలున్నాయి. టీవీతోనే వచ్చింది చిక్కు. టీవీలో మనుషులు అటు తిరిగి మాట్లాడతారు, చీకట్లో మాట్లాడతారు, ఒక్కోసారి పెదాలు ఒకటంటే గొంతు మరొకటి అంటుంది. మొగుడు దర్జీ. ఇంటి ముందు గదిలో కుట్టు మిషను దగ్గర కూర్చుని పని చేసుకుంటూనే, మధ్యలో లేచి వచ్చి ఆవిడకు కథ అందించి వెళ్ళేవాడు. ఆయన ఒక్కనాడూ విసుక్కోలేదు. ఆయన విసుక్కోకపోవడమే ఆవిడకు విసుగ్గా ఉండేది.

షెడ్డు పని మానేసిన ఏడాది ఆవిడ ఒక కోరిక బయటపెట్టింది: ఇంట్లో హోమ్ థియేటర్ పెట్టించాలి. విన్నవాళ్ళు ముందు తమ చెవులే సరిగ్గా లేవనుకున్నారు. కూతురు ఊరుకోమంది. అల్లుడు మాత్రం ఉత్సాహపడ్డాడు, ఎందుకంటే అది ఆయన రాజ్యం. లిఫ్టులు బిగించే కంపెనీలో ఇంజనీరు. ఇంట్లో ఒక గది నిండా స్పీకర్లు పెట్టుకున్నాడు. చుట్టాలెవరైనా వస్తే ఆ గదిలో కూర్చోబెట్టి, తలుపు వేసి, పాట పెట్టి, పాట వదిలేసి వాళ్ళ మొహాలు చూస్తుంటాడు. మేస్త్రమ్మ కూడా ఒకసారి కూర్చుంది. గుండెల్లో దడదడ తెలిసింది గానీ ఒక్క మాటా తెలియలేదు.

దుకాణంలో అన్నిటికంటే చవకైన రిసీవరు ఒకటి ఆవిడ చూసుకుని వచ్చింది. టీవీ కింద పెట్టే నల్లటి ఇనప్పెట్టె అది. టీవీలో సౌండు తీసుకుని చుట్టూ పెట్టిన స్పీకర్లకు పంచిపెడుతుంది. అది మాత్రం వద్దన్నాడు అల్లుడు. ఎందుకొద్దో తన మాటగా చెప్తే అత్తగారు వినదని తెలుసు కాబట్టి, ఫోను తీసి, అది కొన్నవాళ్ళు దుకాణం వెబ్‌సైటులో రాసిన అభిప్రాయాలు చదవడం మొదలుపెట్టాడు. ఆవిడ ఎదురుగా కుర్చీ వేసుకుని ఆయన పెదాల మీదే చూపు నిలిపింది.

ఒకాయన అది డబ్బా మోత అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. పాట పెడితే నీళ్ళు కలిపినట్టు పలచగా వస్తోందని ఇంకొకాయన రాశాడు. బాంబు పేలితే పక్కింట్లో టపాకాయ పేలినట్టుందన్నాడు మరొకడు. ఒకావిడ కాస్త ఓపిగ్గా రాసింది: మిగతా చప్పుళ్ళన్నీ వెనకపడిపోయి, మనుషుల మాట మాత్రం ముందుకు తోసుకొచ్చి మీద పడుతోంది, అరగంట వింటే చిరాకు పుడుతోంది, దయచేసి కొనకండి అని.

"ఆ ఆఖరావిడ రాసింది ఇంకోసారి చదవండి బాబూ" అంది మేస్త్రమ్మ.

చదివాడు.

"అయితే అదే కొందాం."

ఆవిడకు సరిగా వినపడలేదనుకుని అల్లుడు గొంతు పెంచి, ఒక్కో మాటా విడదీసి, చిరాకు అన్న చోట మొహం కూడా చిరాగ్గా పెట్టి మళ్ళీ చెప్పాడు. ఆవిడ అంతా విని, "వినపడింది. వినపడింది కాబట్టే కొందామంటున్నాను" అంది.

పెట్టె వచ్చింది. అల్లుడే వచ్చి వైర్లు బిగించాడు. సినిమాలో మాటలన్నీ దాదాపుగా టీవీ కింద నడిమి స్పీకరులోంచే వస్తాయనీ, కావాలంటే దాన్నొక్కదాన్నే పెంచుకోవచ్చనీ చూపించాడు. తనకు చాలనిపించినంత పెంచి ఆపాడు. ఆయన వెళ్ళాక ఆవిడ రిమోటు పట్టుకుని అది ఇక పెరగనని మొండికేసేదాకా పెంచింది.

ఆ మధ్యాహ్నం వాళ్ళిద్దరూ కలిసి ఒక పాత హాస్యం సినిమా పెట్టుకున్నారు. వయసులో ఉన్నప్పుడు హాల్లో ఎన్నోసార్లు చూసిందే. అందులో మామ కాబోయే అల్లుణ్ణి ఏం పని చేస్తావని అడిగితే, పని చేసేవాళ్ళని మెచ్చుకుంటూ తిరుగుతుంటానని అల్లుడు చెబుతాడు. ఆ మాట తలుచుకుని ఆవిడ షెడ్డులో సైతం నవ్వుకునేది. ఆ ఘట్టం వచ్చింది. మామ అడిగాడు. ప్రస్తుతానికి ఖాళీ అన్నాడు అల్లుడు, తుమ్మాడు, కుర్చీలోంచి పడ్డాడు. అంతే.

ఆవిడ సినిమా ఆపేసింది. "మెచ్చుకోవడం ఏదండీ?"

దర్జీ బటన్ల డబ్బాలో ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకున్నాడు. చివరికి ఒప్పుకున్నాడు. "ఒక మాట నీకు చెప్పేలోపు తర్వాతి మాట నాకూ పోయేది. పోయిన చోట ఏదో ఒకటి నేనే కలిపేవాణ్ణి."

ఇన్నేళ్ళుగా ఇద్దరూ సగం సగం సినిమాలు చూశారన్నమాట. ఆవిడకు కోపం వచ్చింది, అది నిలవక నవ్వొచ్చింది. ఆయన చెప్పిందే బాగుందని చెప్పింది. బాగున్నా సరే, ఇకమీదట వాళ్ళు అన్నదే వింటానని కూడా చెప్పింది. మళ్ళీ మొదటినుంచి పెట్టింది. ఆయన ఆవిడ పక్కన కూర్చుని, చెవి దగ్గరకు వంగే పని లేక, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనివాడిలా కాసేపు అవస్థపడ్డాడు.

వారం తిరక్కుండా ఆవిడ కూతుర్ని పిలిచి తన అభిప్రాయం కూడా ఆ దుకాణం వెబ్‌సైటులో రాయమంది. ఆవిడ చెప్పింది చెప్పినట్టు కూతురు తన ఖాతాలోంచి ఫోనులో కొట్టింది:

"నేను మగ్గాల షెడ్డులో మేస్త్రీగా చేశాను. ఆ మోతకి చెవులు దెబ్బతిన్నాయి. ఈ పెట్టె పెట్టాక సినిమాలో మనుషులు ఏం మాట్లాడుకుంటున్నారో ఇంకొకరు చెప్పకుండా నాకు తెలుస్తోంది. పాట అంత బాగా రాదని మావారు అంటున్నారు, నిజమే అయ్యుంటుంది. కుట్టు మిషను మోటారు ఆడితే ఎడమ స్పీకరు జుమ్మంటోంది. రిమోటు మీద అక్షరాలు చీమల్లా ఉన్నాయి. సౌండు బాగుందా అంటే, నాకు బాగుంది."

తెల్లారేసరికి దాని కింద జనం చేరారు. చెవులు వినపడనివాళ్ళు సౌండు మీద తీర్పు చెప్పడమేమిటని ఒకడు. రేపు కళ్ళు కనపడనివాళ్ళు వచ్చి బొమ్మ బాగుందంటారని ఇంకొకడు. వాళ్ళ వెనక నవ్వు బొమ్మల బారు. అల్లుడికి సౌండు పిచ్చి ఉన్న స్నేహితుల గుంపు ఒకటుంది. అది ఎవరి ఖాతానో వాళ్ళకు తెలిసిపోయింది. ఆ ఆదివారం ఆయన మొహం వేలాడేసుకుని వచ్చాడు. అత్తగారిని ఎవరో ఆడిపోసుకోవడం తను చూడలేకపోతున్నాననీ, దాన్ని తీసేస్తే గొడవ వదిలిపోతుందనీ బతిమాలాడు. బాధ నిజమైనదే. స్నేహితుల ముందు చిన్నతనం కూడా అందులో కలిసి ఉందని ఆవిడకు తెలుసు.

"వాళ్ళు వాళ్ళ చెవులతో విని రాశారు. నేను నా చెవులతో విని రాశాను. అరువు చెవులు ఎక్కడ తేను బాబూ?"

"అది కాదత్తయ్యా. సౌండంటే దానికో పద్ధతుంది."

"ఉండనీండి. నేను కూడా డబ్బులిచ్చే కొన్నానా, లేదా?"

కూతురు వంటింట్లోకి వెళ్ళి అవసరం లేని గిన్నెలు కడిగింది. అభిప్రాయం ఉన్నచోటే ఉంది.

అసలు మంట ఆ తర్వాత రాజుకుంది. దర్జీ దారపు ఉండలు కొనడానికి బజారుకు వెళ్ళి, ఆ దుకాణం అద్దం తలుపు పక్కన కొత్త బోర్డు చూశాడు. రిసీవరు బొమ్మ, దాని పక్కన పెద్ద అక్షరాల్లో: "మనుషులు ఏం మాట్లాడుకుంటున్నారో తెలుస్తోంది. సౌండు బాగుంది. ఇట్లు, ఒక గృహిణి." ఆయన ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఈసారి సొంతంగా ఏమీ కలపలేదు.

మేస్త్రమ్మ చెప్పులేసుకుని బయల్దేరింది.

దుకాణదారు మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు, చల్లటి నీళ్ళు ఇప్పించాడు. ఆవిడ మెచ్చుకున్నదే తాము వేసుకున్నామనీ, ఇందులో పరువు తక్కువేమీ లేదనీ నచ్చజెప్పబోయాడు. మెచ్చుకోలేదనీ, ఉన్నది చెప్పాననీ ఆవిడ అంది. జుమ్మనడం ఏమైందని అడిగింది. చీమలేవని అడిగింది. నాకు బాగుంది అన్నదాంట్లో నాకు అన్న ముక్క ఎవరు మింగారని అడిగింది. మేస్త్రీ గృహిణి ఎప్పుడైందని కూడా అడిగింది. బోర్డు మీద అంత చోటు లేదన్నాడాయన.

"చోటు లేకపోతే బోర్డు తీసెయ్యండి. సగం కోసేశాక మిగిలిన సగం నాది కాదు."

తీయనన్నాడు. ఆవిడ కుర్చీ లాక్కుని వెళ్ళి బోర్డు పక్కన వేసుకుని కూర్చుంది. రిసీవరు వంక చూసినవాళ్ళకల్లా మిగతా సగం చెప్పడం మొదలుపెట్టింది. తన గొంతు ఎంత పెద్దదో ఆవిడకు తెలియదు. మగ్గాల మోతలో పెరిగిన గొంతు అది, దుకాణం ఈ మూలనుంచి ఆ మూలకు తగిలి తిరిగొస్తోంది. మిక్సీలు కొనడానికి వచ్చినవాళ్ళకు కూడా ఎడమ స్పీకరు సంగతి తెలిసిపోయింది. ఒక జంట సంతోషంగా విని, తమ ఇంట్లో కుట్టు మిషను లేదని చెప్పి పెట్టె కొనుక్కుని వెళ్ళారు. ఇంకొకాయన తనకు పాటలే ముఖ్యమని వెనక్కి పెట్టేశాడు. ఆ జంటకూ, ఈయనకూ ఆవిడ మంచి పని చేశారనే చెప్పింది. మధ్యాహ్నం భోజనానికి ముందే దుకాణదారు స్వయంగా నిచ్చెన వేసుకుని బోర్డు దింపాడు.

ఆ సాయంత్రం చూస్తే వెబ్‌సైటులో ఆవిడ అభిప్రాయం కూడా లేదు. ఎవరో మొత్తంగా తుడిచేశారు. ఆవిడ కూతుర్ని పిలిచి మళ్ళీ రాయించింది. మర్నాటికి అదీ పోయింది. మళ్ళీ రాయించింది. అదీ తుడిచేశారు. మొదట ఈ తద్దినం నాకెందుకమ్మా అన్న కూతురు, మూడోసారి అడక్కుండానే ఫోను తీసింది. కింద తన సొంత మాట ఒకటి చేర్చింది: ఇది మా అమ్మ రాసింది, ఎన్నిసార్లు తీస్తే అన్నిసార్లు పెడతాను అని. అది నిలిచింది. తుడిచేవాడికి విసుగొచ్చిందో, జాలి కలిగిందో ఎవరికీ తెలియదు.

కొన్నాళ్ళకు దాని కింద ఒక బాయిలరు మేస్త్రీ రాశాడు. తన చెవులు కూడా పనిలోనే పోయాయట. నడిమి స్పీకరు ఎలా పెంచాలో అడిగాడు. మేస్త్రమ్మ ఏ బటను తర్వాత ఏది నొక్కాలో ఓపిగ్గా చెప్పి రాయించింది. ఆయన కొన్నాడు. పది పదిహేను రోజులాగి మళ్ళీ రాశాడు. ప్రయత్నించాననీ, తన చెవులకు అదీ చాలలేదనీ, తిరిగిచ్చేశాననీ, చెప్పినందుకు మాత్రం సంతోషమనీ. తర్వాత కూతురు చేత తన అభిప్రాయం చివర ఇంకో వాక్యం పెట్టించింది: ఒక బాయిలరు మేస్త్రీకి ఇది పనికిరాలేదు, చెవులు మరీ పోయినవాళ్ళు ముందు విని చూసుకుని కొనండి. అలా అంటే నీ మాటకే దెబ్బ కదా అని దర్జీ అన్నాడు. తగిలితే తగలనీ అంది ఆవిడ.

వేసవి సెలవుల్లో కూతురూ అల్లుడూ వచ్చి నాలుగు రోజులున్నారు. మధ్యాహ్నం సినిమా పెట్టారు. మాటలు గది దద్దరిల్లేలా వస్తున్నాయి. అల్లుడు కాసేపు ఓర్చుకున్నాడు, కణతలు నొక్కుకున్నాడు, చివరికి ఎదురుగా వచ్చి నిలబడి, ఒక్క రవ్వ తగ్గించమని అడిగాడు.

"మీ ఇంట్లో మీ సౌండు వింటాను బాబూ. ఇక్కడ ఇంతే" అంది మేస్త్రమ్మ, ఆయన భుజం పక్కనుంచి తెర వంక తొంగి చూస్తూ.

అల్లుడు కుర్చీ ఎత్తుకుని వెళ్ళి వసారాలో గుమ్మానికి ఎదురుగా వేసుకున్నాడు. అక్కణ్ణించి బాగానే ఉందన్నాడు.