మాదన్నపేటలో పడ్డ వాన

డానియేలు కత్తెరతో ఇనుప జాలిని గుండ్రంగా కత్తిరిస్తున్నాడు. బొగ్గు ఇంజనులో పొగగొట్టం కింద బిగించే జాలి అది. పొగతో పాటు నిప్పురవ్వలు బయటికి ఎగరకుండా ఆపుతుంది. జాలి కన్ను పెద్దదైతే రవ్వ జారిపోతుంది. మరీ చిన్నదైతే మసి పట్టి పొగ ఆడదు, మంట మందగిస్తుంది. ఇది అతనికి ఎవరూ నేర్పలేదు. అఫ్జల్‌గంజ్‌లో రేకు డబ్బాల దుకాణంలో పనికి చేరి, పాడైన జాలీలు విప్పి చూసి నేర్చుకున్నాడు.

ఊరి బయట సెలవురోజుల్లో జనాన్ని తిప్పే పాత ఇంజనుకు జాలీలు చేసేది అతనే. ఎండలకు పట్టాల పక్క గడ్డి ఎండిపోతుంది కాబట్టి, ముందురోజు వాన పడితేనే ఆ ఇంజను తీస్తారు. లేకపోతే డీజిల్ ఇంజనుతో నడుపుతారు.

పోయిన వారం డ్రైవర్ బాబురావు ఫోన్ చేశాడు.

"అన్నా, జాలి ఒక పక్కకు కాలి బొక్క పడ్డది. కొత్తది ఏమైంది?"

జాలి అల్లే తీగ ఎప్పుడో వచ్చింది. పెళ్లివంటల పొయ్యిల పనిలో పడి డానియేలు దాన్ని ముట్టలేదు.

"తీగ ఇంక రాలె భాయ్."

"మరి రేపటి ట్రిప్పు?"

అప్పుడు డానియేలు దుకాణమున్న మాదన్నపేటలో జోరువాన. మార్కెట్‌ నీళ్లలో టమాటాలు తేలుతున్నాయి.

"ఈడ మస్తు కొడుతుంది వాన. గడ్డి నానుంటది. ఫికర్ చెయ్యకు, తీయి."

ఈ ఊరి వాన సంగతి అతనికి తెలియనిది కాదు. మాదన్నపేటలో గొడుగు విప్పినవాడు అఫ్జల్‌గంజ్ చేరేసరికి ఎండలో నవ్వులపాలవుతాడు. తన వల్ల ట్రిప్పు ఆగిందన్న మాట పడకూడదని, తెలిసే అలా అన్నాడు.

పట్టాల దగ్గర చినుకు పడలేదు. మర్నాడు ఇంజను రవ్వ పడి గడ్డి అంటుకుని, గేటు కాపలావాడి గది దాకా కాలింది. కాపలావాడు ప్రహ్లాద్ బీడీలు తాగుతాడు. అతని బీడీయే కారణమన్నారు, పనిలోకి రావద్దన్నారు.

ఇప్పుడు బాబురావు కొత్త జాలి కోసం దుకాణం మెట్టు మీద కూర్చున్నాడు.

"ఏందన్నా, ఇంతసేపా? ఫంక్షన్ హాల్ల బిర్యానీ లెక్క దమ్ముకు పెట్టినవా?"

డానియేలు నవ్వలేదు. "ప్రహ్లాద్ ఏమంటుండు?"

"ఏమంటడు? ఆ దినం బీడీ ముట్టలేదని ఏడుస్తుండు. ఏడ్చుకుంట ఇంకో బీడీ ముట్టిస్తుండు. ఎవడు నమ్ముతడు?"

"బొక్క సంగతి షెడ్డు సారుకు చెప్పలేదా?"

"నువ్వు తీయమన్నవ్, నేను తీసిన. చెప్తే ఇద్దరం పోతం. ఊకో అన్నా."

"వాడు పోయిండు గద."

డానియేలు జాలిని వెలుతురుకు పెట్టి చూశాడు. అంచు దగ్గర ఒక కన్ను వెడల్పుగా ఉంది. ఆ తీగ ఊడదీసి మళ్లీ అల్లాడు. చేతులు కడుక్కుని, జాలి పట్టుకుని, "నీ బండి తీయి, నేనూ వస్త" అన్నాడు.

ఇంజను షెడ్డులో ఇన్‌చార్జి రఘునాథ్ ఉన్నాడు. డానియేలు నిలబడే చెప్పాడు.

"సార్, అది ప్రహ్లాద్ బీడీ కాదు. జాలికి బొక్క ఉందని నాకు ఎరుక. తీగ ఉండంగ లేదన్న. మాదన్నపేటల వాన చూసి ఇంజను తీయమన్న. తప్పు నాది."

"బొక్క నేనూ చూసిన సార్," అన్నాడు బాబురావు నేల చూస్తూ.

"ఇంత తెలిసినోళ్లు గిట్ల చేస్తరా? మిమ్మల్ని మళ్ల పనికి పిలవాల్నా?"

"అది మీ ఇష్టం. ముందు వాన్ని పిలువుండ్రి."

రఘునాథ్ ఫోన్ తీశాడు. "ప్రహ్లాద్, రేపు డ్యూటీకి రా. నీ తప్పు లేదట." అవతల నుంచి ఏడుపుతో కలిసి మాట వినిపించింది. "నా తరఫున ఎవరు చెప్పిండ్రో, ఆయన సల్లగుండాలె సార్!"

డానియేలు మొహం తిప్పుకున్నాడు. బాబురావు రెండు చేతులూ చాపాడు. డానియేలు ఆ చేతుల్లో కొత్త జాలి పెట్టాడు.