వేళ్లు విడివిడిగా కనపడాలి

మహబూబ్‌నగర్‌లో మేము కిరాయికి ఉన్న ఇంటికి రెండు వాటాలు. ఒకదాంట్లో మేము, ఇంకోదాంట్లో అజీజా బేగం, ఆమె ఇద్దరు కూతుళ్లు. పెద్దమ్మాయి నిషాత్‌కు చెవులు వినపడవు, మాట రాదు. జాకెట్లు మాత్రం ఎంత బాగా కుడుతుందంటే పెళ్లిళ్ల కాలంలో వాళ్ల గుమ్మం ముందు చెప్పులు పెట్టడానికి జాగా ఉండేది కాదు. చిన్నమ్మాయి ఫర్హానా డిగ్రీ చదువుతూ, వచ్చినవాళ్ల మాటలు అక్కకు చేతులతో చెప్పి, అక్క చేతుల మాటలు వాళ్లకు నోటితో చెప్పేది.

నిషాత్ చిన్నప్పుడు హైదరాబాద్‌లో, చెవులు వినపడని పిల్లల బడిలో, హాస్టల్‌లో ఉండి చదువుకుంది. చేతులతో మాట్లాడటం అక్కడే నేర్చింది. సెలవులకు వచ్చినప్పుడల్లా చెల్లెలికి నేర్పింది. తల్లికి మాత్రం అబ్బలేదు. తిను, పడుకో, వాన వస్తోంది, ఎవరో వచ్చారు - ఇలాంటి సైగలు ఓ గుప్పెడు, అంతే. పైగా బజారులో అక్కాచెల్లెళ్లు చేతులాడిస్తూ నడుస్తుంటే అజీజా బేగం ముఖం చిన్నబుచ్చుకునేది.

"నలుగురు చూస్తుండ్రు. ఇంటికి పోయినంక మాట్లాడుకోరాదా?" అనేది ఫర్హానాతో. ఆ మాట ఫర్హానా అక్కకు చెప్పేది కాదు. చెప్పకపోయినా నిషాత్‌కు తల్లి ముఖం చూస్తే తెలిసిపోయేది.

నిషాత్‌కు ప్రాణస్నేహితురాలు ఒకతి ఉంది. కరుణ. హాస్టల్‌లో పక్కపక్క మంచాలు. ఆమెకూ వినపడదు. చదువయ్యాక కరుణకు నల్లగొండ వైపు కట్టంగూర్‌లో పెళ్లయింది. భర్త వెంకటేశ్ హైవే మీద హోటల్లో వంట చేస్తాడు, మంచివాడు. అయితే ఆ ఊళ్లో కరుణ చేతుల మాట తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. స్మార్ట్‌ఫోన్ చేతికొచ్చాక వాళ్లిద్దరికీ మళ్లీ హాస్టల్ రోజులు వచ్చినట్టయింది. ఒకరు వీడియో తీసి పంపితే ఇంకొకరు జవాబు పంపేవారు. నిషాత్ కుట్టు మిషన్ ముందు కూర్చుని, ఫోన్‌ను దారపు రీళ్ల డబ్బాకు ఆనించి, నవ్వుతూ చేతులు తిప్పుతుంటే మా పిల్లలు గోడ మీదనుంచి తొంగిచూసేవాళ్లు.

ఒక సాయంత్రం నేను వెళ్లేసరికి అక్కాచెల్లెళ్లు ఫోన్ ముందు పెట్టుకుని గొడవ పడుతున్నారు.

"ఏమైందే?" అన్నాను.

"ఏం లేదక్కా," అంది ఫర్హానా. అక్కను ఆమె ఆపా అంటుంది. "కరుణక్క 'నువ్వు దసరకు వస్తవా?' అని అడిగిందంట. ఆపాకేమో 'నువ్వు దసరకు వస్తవు' అని చెప్పినట్టు కనపడ్డది. నన్నడగకుండ నువ్వెట్ల ఖరారు చేస్తవని ఈమెకు కోపమొచ్చింది."

"రెండిటికీ అంత తేడా ఎక్కడ వస్తుంది?"

ఫర్హానా తన కనుబొమ్మలు పైకెత్తి చూపించింది. "గిట్ల ఎత్తితే అడిగినట్టు. ఎత్తకుంటే చెప్పినట్టు. చేతులు రెండిట్ల ఒక్కటే."

కరుణ వీడియో నాకూ చూపించారు. ముఖం పాలమీగడలా నున్నగా ఉంది. బుగ్గల మీద గుంట లేదు, నుదుటి మీద గీత లేదు. కనుబొమ్మలు ఉన్నాయా లేవా అన్నట్టున్నాయి. కెమెరాలో అందంగా చూపించే బ్యూటీ అనేదొకటి ఉంటుంది కదా, అది మొత్తం తుడిచేసింది. పైగా చీకటి పడ్డాక తీసిందేమో, చేయి కదిపినప్పుడల్లా వేళ్లన్నీ కలిసిపోయి పొగలా సాగుతున్నాయి.

ఆ రోజు నుంచి నిషాత్ కెమెరా వెంట పడింది. ఎవరూ నేర్పలేదు. పై మూలలో సెట్టింగుల చక్రం గుర్తు నొక్కి, ఒక్కొక్కటి మార్చడం, వీడియో తీసుకోవడం, చూసుకోవడం, మళ్లీ మార్చడం. బ్యూటీని సున్నాకు దించింది. వెనకంతా మసకగా చేసే సదుపాయం చేతులను కూడా గోడ అనుకుని మసక చేస్తోందని కనిపెట్టి, దాన్నీ తీసేసింది. సెకనుకు ముప్పై బొమ్మలు ఉన్నచోట అరవై పెడితే వేళ్లు చెరిగిపోవడం తగ్గింది, కానీ వీడియో నల్లబడింది. అందుకని మిషన్‌ను కిటికీ దగ్గరికి జరిపించింది. పువ్వుల చున్నీ తీసేసి, కెమెరా ముందు ఎప్పుడూ ఒక ముదురు నీలం చున్నీ వేసుకునేది. దాని మీద చేతులు తెల్లగా, తేటగా కనిపించేవి.

"ఫోటోల అందరు మంచిగ కనపడాలనుకుంటరు. ఈమెకేమో వేళ్లు విడివిడిగ కనపడాలె," అని ఫర్హానా నవ్వింది.

దసరా తర్వాత కరుణే మహబూబ్‌నగర్ వస్తానంది. ఒంటరిగా బస్సెక్కి అంత దూరం రావడం ఆమెకు అదే మొదలు. బస్టాండు నుంచి ఇంటికి దారి ఎలాగో నిషాత్ వివరంగా వీడియో తీసి పంపింది. గేటు దాటు, కుడికి తిరుగు, మందుల దుకాణం దగ్గర మళ్లీ కుడికి. రావలసిన వేళ దాటినా కరుణ జాడ లేదు. ఫోన్‌కు ఛార్జింగ్ అయిపోయిందేమో, మెసేజ్ పోవడం లేదు. నిషాత్ గుమ్మంలోకి, గల్లీ చివరకి తిరిగి తిరిగి ఏడ్చేసింది. చివరికి అక్కాచెల్లెళ్లు ఆటోలో వెతుక్కుంటూ వెళ్తే, బస్టాండుకు ఆ పక్కన చాలా దూరంలో గాజుల దుకాణం మెట్ల మీద సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. నిషాత్‌ను చూసి లేచి, కోపంగా చేతులు ఝాడించింది.

"నువ్వు ఎడమకే పొమ్మన్నవ్!"

"కుడికన్న!"

ఇంటికొచ్చి ఫోన్ ఛార్జింగ్ పెట్టి ఆ వీడియో మళ్లీ చూశారు. నిజంగానే నిషాత్ చేయి ఎడమకే చూపిస్తోంది. ఆమె నమ్మలేక ఫోన్‌ను అటూ ఇటూ తిప్పింది. అప్పుడు వెనక గోడ మీది క్యాలెండర్ కనబడింది. అంకెలన్నీ తిరగబడి ఉన్నాయి. ముందు కెమెరా అద్దంలో చూపినట్టు తిప్పి దాచుకుంటోందన్నమాట. అన్నం తిన్నావా, జ్వరం తగ్గిందా అనే మాటలకు దానివల్ల నష్టం లేదు. దారి చెప్పాలంటే మాత్రం ఊరే తలకిందులవుతుంది. ఇద్దరూ ఒకరి ఫోన్‌లో ఒకరు ఆ మిర్రర్ అనేదాన్ని తీసేసి, నవ్వి నవ్వి కళ్లనీళ్లు తుడుచుకున్నారు. అజీజా బేగం కరుణకు ఖీర్ పెట్టింది గానీ, ఆ రెండు రోజులూ పెద్దగా దగ్గరికి రాలేదు. ఏం మాట్లాడాలో ఆమెకు తెలియలేదు.

మరుసటి ఏడాది కరుణ కడుపుతో ఉంది. నెలలు నిండాక నొప్పులు మొదలై, అత్త నర్సింగమ్మ ఆమెను నల్లగొండలో ఒక దవాఖానకు తీసుకెళ్లింది. ఆ మధ్యాహ్నం నేను జాకెట్ తీసుకోవడానికి నిషాత్ ఇంట్లోనే ఉన్నాను. కరెంటు లేదు. మబ్బు పట్టి ఇల్లంతా గుడ్డి వెలుతురుగా ఉంది. ఫోన్ వణికింది. వీడియో కాల్.

తెరమీద కరుణ ఉంది, కానీ కనిపించడం లేదు. ఆమె వెనక పెద్ద కిటికీ ఉండటంతో మనిషి మొత్తం నల్లటి నీడ. సిగ్నల్ లేక ఆ నీడ కూడా గళ్లు గళ్లుగా విరిగిపోతోంది. చేతులు గబగబా ఆడుతున్నాయి. ఒక్క మాట అందడం లేదు. పక్కనుంచి నర్సింగమ్మ గొంతు మాత్రం వినపడుతోంది.

"సూది అంటె భయపడ్తాంది సిస్టరమ్మా. జర మీరే నచ్చజెప్పుండ్రి. ఏమంటాందో నాకు తెల్వదు."

"కాగితం మీద 'సూది వద్దు' అని మాత్రం రాసిందమ్మా, నొప్పులకు ఇంకేం రాయలేకపోతాంది. వద్దంటె ఎట్ల? ఆపరేషన్ చెయ్యాలె," అంటోంది నర్సు. ఆమె ముఖానికి మాస్కు. పెదవులు చూసి మాట పట్టుకునే వీలు కరుణకు లేదు.

నిషాత్ ఫోన్‌ను కిటికీకి దగ్గరగా పెట్టింది. వెలుతురు చాలలేదు. ఆమె చేతులు అవతలికి కనపడాలి కదా. అప్పటిదాకా వాకిట్లో బియ్యం ఏరుతున్న అజీజా బేగం లేచొచ్చి, ఎవరూ చెప్పకుండానే తలుపు బార్లా తెరిచి, పరదాను గుప్పిట పట్టి పైకెత్తి నిలబడింది. వెలుగు నేరుగా కూతురి మీద పడింది.

నిషాత్ పెద్ద పెద్దగా, నిదానంగా చెప్పింది. ఫర్హానా అది పైకి అంటూ పోయింది, నాకోసమో, భయానికో తెలియదు.

"కాల్ బంద్ చెయ్. కిటికీకి ఎదురుంగ తిరుగు. కెమెరాతోని చిన్న వీడియో తియ్. సైజు చిన్నగ పెట్టు, జల్ది వస్తది. మొఖం మీద వేలుతోని ఒత్తి సూర్యుని బొమ్మ పైకి జరుపు, వెలుగు పెరుగుతది. చేతులు నిదానంగ తిప్పు."

కాల్ ఆగిపోయింది. మేము నలుగురం ఆ చిన్న తెరకేసి చూస్తూ ఉండిపోయాం. వీడియో వచ్చింది. బొమ్మ చిన్నదే, అంత నాణ్యంగా కూడా లేదు. కానీ కరుణ ముఖం తేటగా ఉంది. చెమట, ఎత్తిన కనుబొమ్మలు, విడివిడిగా వేళ్లు. నిషాత్ ఒక్కసారి చూసి చెల్లెలి భుజం పట్టి ఊపేసింది.

"హాస్టల్‌ల కాలు తెగినప్పుడు ఇచ్చిన సూది!" అని అరిచింది ఫర్హానా. "ఒళ్లంత దద్దుర్లొచ్చి ఊపిరాడలేదంట. ఆపా గప్పుడు పక్కనే ఉన్నది. గదే మందు మళ్లిస్తరేమోనని భయపడ్తాంది. అన్ని సూదులు వద్దంటలేదు, గా ఒక్కటే!"

మళ్లీ ఫోన్ చేసి, నర్సుకు ఇవ్వమని ఫర్హానా నర్సింగమ్మను బతిమాలింది. నర్సు అంతా వింది.

"మంచిగ చెప్పినవమ్మా. మందు పేరు యాదికున్నదా?"

పేరు ఎవరికీ తెలియదు. ఏ గాయానికి ఇచ్చారు, ఎంతసేపటికి దద్దుర్లు వచ్చాయి అని ఆమె అడిగింది. ఫర్హానా ఒక్కొక్క ప్రశ్న అక్కకు చెప్పి, జవాబు చెప్పింది. డాక్టరమ్మ వచ్చి ఫోన్‌లోనే మళ్లీ ఒకసారి అడిగి తెలుసుకుని, ఆ రకం మందులేవీ వద్దు, వేరేది ఇద్దామని చెప్పింది. ఆ మాట నిషాత్ వీడియో తీసి పంపాక కరుణ సూదికి చేయి చాపిందని నర్సింగమ్మ చెప్పింది. అజీజా బేగం అప్పటికీ పరదా పట్టుకునే ఉంది. ఫర్హానా వెళ్లి ఆమె గుప్పిట విడిపించింది.

పొద్దుగూకే వేళకు ఆడపిల్ల పుట్టిందని కబురొచ్చింది. తల్లీబిడ్డ క్షేమం.

ఆ తర్వాత కొన్నాళ్లకు అజీజా బేగం చిన్న కూతుర్ని పక్కకు పిలిచి, "నాక్కూడ నేర్పరాదూ?" అందట. ఆ వయసులో ఆమె వేళ్లు అంత తొందరగా తిరగలేదు. ఒకటి చెప్పబోతే ఇంకొకటి అయ్యేది. చాయ్ అనబోయి పెళ్లి అనేసిందని ముగ్గురూ నవ్వుతుండగా నేను విన్నాను. అయినా ఆమె మానలేదు. మేము ఆ ఇల్లు ఖాళీ చేసేనాటికి బజారులో కూరగాయలవాడి ముందు కూడా కూతురితో చేతులతో బేరం గురించి మాట్లాడేది.

ఖాళీ చేసే ముందు వీడ్కోలు చెప్పడానికి వెళ్లాను. నిషాత్ ఫోన్ మిషన్ మీద ఉంది. తల్లి దాని ముందు కూర్చుని ఉంది. సాధన చేయడానికి ఏదైనా కథ చెప్పమని కూతురు అడిగిందట. అజీజా బేగం ఏ కథా చెప్పలేదు. నిషాత్ పసితనం సంగతి చెప్పింది. నా పక్కన నిలబడి ఫర్హానా మెల్లగా మాటల్లో పెట్టింది.

"నువ్వు నడుస్తున్న రోజులు. పిలిస్తె వచ్చేదానివి కాదు. మొండిపిల్ల అనుకున్న. కొట్టిన. ఎన్నోసార్లు కొట్టిన. ఒకనాడు నీ వెనుక పెద్ద గిన్నె కింద పడ్డది. పక్కింటి పసిపిల్ల ఉలిక్కిపడి ఏడ్చింది. నువ్వు తిరిగి చూడలే. గప్పుడు తెలిసింది నాకు."

నిషాత్‌కు ఆ సంగతి ఏదీ గుర్తు లేదు. ఇన్నేళ్లలో చెప్పినవాళ్లు లేరు. ఆమె ఫోన్ పక్కకు తీసి పెట్టేసి, తల్లికి ఎదురుగా కూర్చుని ఏదో అంది; 'నీకు తెలిస్తె కొట్టేదానివి కాదు' అన్నదని ఫర్హానా తర్వాత నాకు చెప్పింది. అజీజా బేగంకు అర్థం కాలేదు. సాయం కోసం చిన్న కూతురి వైపు చూసింది. ఫర్హానా నోరు విప్పబోతుంటే నిషాత్ వద్దని చేయి అడ్డుపెట్టి, అదే మాట మళ్లీ చెప్పింది, ఇంకా నిదానంగా, ఒక్కొక్క వేలూ కనపడేటట్టు.

ఈసారి తల్లికి అందింది. తల ఊపి, కొంగుతో ముఖం తుడుచుకుంది.