చివరి బంతి పక్కన ఖాళీ గడి

మంగళవారం పొద్దున్న ఆఫీసుకు వెళ్తూ ట్రైన్‌లో నిలబడి ఉండగా అమ్మ ఫోన్ చేసింది. మా బ్లాకులో రెండో అంతస్తు అంకుల్ పోయారంది. కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే కుర్చీలో ఒరిగిపోయారట. నేను అయ్యో అనలేదు. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఇది: "ఆయన నోటుబుక్కులు ఎవరి దగ్గరున్నాయమ్మా?"  "సిగ్గు లేదుటే నీకు" అని అమ్మ ఫోన్ పెట్టేసింది.

సిగ్గు ఉంది కాబట్టే ఇది రాస్తున్నాను. పోయిన మనిషి గురించి నాలుగు మంచి మాటలు రాసేటప్పుడు రాసేవాళ్లు తమ సంగతి వెనక దాచుకుంటారు. నాకు ఆ వీలు లేదు. ఆయన గురించి నిజం చెప్పాలంటే నా తప్పు ముందు చెప్పాలి.

అంకుల్ విశాఖపట్నంలో ఓడల పని నేర్చుకుని, పాతికేళ్లు నిండకముందే సముద్రం దాటి ఇక్కడి సెంబవాంగ్ ఓడల యార్డుకు వచ్చినవారు. ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యారు. ఇనప రేకుల్ని వెల్డర్లు అతికిస్తే ఆ అతుకులు తనిఖీ చేయడం ఆయన ఉద్యోగం. తప్పు కనిపిస్తే దాని చుట్టూ పసుపు సుద్దతో సున్నా చుట్టేవారు. వెల్డరు దాన్ని సరిచేశాక మళ్లీ చూసి, పక్కన ఆర్-వన్, అంటే మొదటి రిపేరు అయింది, అని రాసేవారు. మొదటి గుర్తు మాత్రం రికార్డులోంచి ఎవరూ చెరపకూడదు. వెల్డరు "ఇది నా తప్పు కాదు" అని అడ్డం తిరిగితే, అతన్ని పిలిచి, అతుకు చూపించి, అతని చేతే సంతకం పెట్టించాలి. అంతవరకూ రికార్డులో ఆ సంతకం గడి ఖాళీగా ఉండాల్సిందే. ఈ కథ ఆయన నాకు ఎన్నిసార్లు చెప్పారో! రిటైరైనా ఆయన చొక్కా జేబు అంచున ఆ పసుపు మరక పోలేదు. లిఫ్ట్ తలుపునీ మెట్ల రెయిలింగునీ వేలి కణుపుతో తట్టి వినేవారు. మా ఇంటికొస్తే అమ్మ ప్రెషర్ కుక్కరును కూడా తట్టి, "ఇది ఇంకో ఏడాదే అమ్మా" అనేవారు. ఏడేళ్లు అదే మాట అన్నారు. కుక్కరు ఇంకా ఉంది.

నేను యూనివర్సిటీలో చేరి ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఆడతానన్నప్పుడు అమ్మ బెంబేలెత్తిపోయింది. అమెరికా ఫుట్‌బాల్‌కి ఇది నెమ్మదైన చెల్లెలు. ఎవరినీ పడగొట్టరు, నడుముకు వేలాడే రిబ్బను లాగితే ఆట ఆగుతుంది. నేను క్వార్టర్‌బ్యాక్‌ని. అంటే ప్రతిసారీ బంతి నా చేతికే వస్తుంది, పరిగెత్తేవాళ్లకు నేను విసరాలి. అమ్మకి ఇవేవీ ఎక్కలేదు. "కాలో చెయ్యో విరిగితే?" అని ఒకటే గోల. చివరికి అంకుల్‌ని పంపింది, చూసి రమ్మని.

ఆయన మడత స్టూలు, గొడుగు, పులిహోర డబ్బాతో దిగారు. గ్రౌండ్ పక్కన బెంచీల మీద పిట్ట కూడా లేదు. అయినా ఇక్కడి పద్ధతిలో టిష్యూ ప్యాకెట్ పెట్టి ఒక బెంచీ చోప్ చేసి, అంటే జాగా పట్టి, తాను మాత్రం స్టూలు మీద కూర్చున్నారు. "ఎవరైనా వస్తే జాగా ఉండాలి కదేటి" అన్నారు. మూడేళ్లలో ఆ జాగాకి ఎవరూ రాలేదు. ఆయన ఒక్క ఆట మానలేదు. పొడుగు నోటుబుక్కులో స్కేలుతో గీతలు గీసి, నేను విసిరిన ప్రతి బంతినీ రాశారు. ఎన్ని అడుగుల దూరం, గాలి ఎటు, చేరిందా లేదా. మా క్లబ్బు వాళ్లు స్కోరు తప్ప ఏమీ రాసుకోలేదు. నా మూడేళ్ల ఆటకి ప్రపంచంలో ఉన్న ఏకైక రికార్డు ఆ పుస్తకాలే.

ఆడిన మూడేళ్లూ అవి నాకు అవసరం పడలేదు. చివరి సంవత్సరం ఫైనల్లో ఓడిపోయాం. ఆఖరి బంతి ఫారాకి విసిరాను. మా జట్టులో అందరికన్నా వేగంగా పరిగెత్తేది తనే. మూలకి పరిగెత్తింది, బంతి ఆమె వేళ్లకు తగిలి జారిపోయింది. "ఫారా వదిలేసింది" అన్నారు అందరూ. ఆ పిల్ల గడ్డి మీద కూర్చుని ఏడిస్తే నేను వెళ్లి వీపు తట్టి, ఇక్కడి యాసలో "పర్లేదు లా" అన్నాను. ఎంత ఉదారంగా అన్నానో! మరుసటి ఏడు ఫారా ఆటకి రాలేదు. అడిగితే బూట్లు పారేశానంది.

నాలుగేళ్లు గడిచాయి. రెండు నెలల కిందట క్లబ్బు నుంచి మెయిల్ వచ్చింది. క్లబ్బు గదిలో గోడ మీద బోర్డు పెడుతున్నారట. క్లబ్బు పుట్టినప్పటి నుంచీ ఆడినవాళ్లలో ఉత్తమ క్వార్టర్‌బ్యాక్ పేరు అందులో ఉంటుంది. నా పేరు పరిశీలనలో ఉంది కాబట్టి లెక్కలేవైనా ఉంటే ఒక శనివారం మీటింగుకి తెమ్మన్నారు. పరిగెత్తుకుంటూ రెండో అంతస్తుకి దిగాను. పుస్తకాలు తెరిచి చూస్తే కళ్లు తిరిగాయి. నేను విసిరినవాటిలో సగం కూడా చేరలేదని ఉంది!

"ఇదేంటంకుల్? వాళ్లు చేతిలోంచి వదిలేసినవి కూడా నా తప్పే అని రాశారు!"

"మరి? అతుకు ఎవులు ఏస్తే ఆలదే కదా బాధ్యత. యార్డులో అంతే" అన్నారు తాపీగా.

మూడేళ్లు ఆయన నన్ను వెల్డరుగానూ ప్రతి బంతినీ అతుకుగానూ చూశారన్నమాట. అవతల పట్టుకునే మనిషి ఒకరుంటారని, తప్పు వాళ్లది కూడా కావచ్చని ఆయన లెక్కలో లేనే లేదు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. విషయం అర్థమయ్యాక ఆయన మొహం చిన్నబోయింది. మొదటి పుస్తకం మొదటి పేజీ తీసి, "చేరిందా లేదా" అని తాను రాసిన శీర్షిక చుట్టూ పసుపు సుద్దతో పెద్ద సున్నా చుట్టారు.

"ఇది నా తప్పు. అన్నీ మళ్లీ సూస్తాను. ఈడియోలు ఉన్నాయేటి?"

ఉన్నాయి. జూనియర్లు ఫోన్లలో తీసినవన్నీ దాచి ఉంచారు. టీవీకి కలిపి ఇచ్చాను. అక్కడినుంచి రోజూ ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ ఆపి, ఒక్కొక్క బంతినీ ఆయన తిరిగి తనిఖీ చేశారు. సాయంత్రం నేను వెళ్లేసరికి "ఇదిగో, పదకొండు నీ మీద నుంచి దింపీసినాను" అని లాటరీ తగిలినట్టు చెప్పేవారు. ఆంటీ నాకు టీ ఇస్తూ, "నన్ను కూరకి తాలింపు కూడా ఎయ్యనివ్వట్లేదమ్మా, సప్పుడట" అని మొరపెట్టుకునేది.

అలా ఫైనల్ దాకా వచ్చాం. ఆ ఆదివారం మధ్యాహ్నం ఆఖరి బంతి దగ్గర ఆయన వీడియో ఆపారు.

"ఇది నీదే, పిల్లా."

"కాదంకుల్. తన చేతికి తగిలింది. అందరూ చూశారు."

"తగిలింది. ఎలగ తగిలింది? ఆ పిల్ల ముందుకి పరిగెడతంటే నువ్వు ఎనక్కి ఏసినావు. అడుగు ఎనక్కి. పాపం ఒళ్లంతా తిప్పీసుకుంది."

 బంతి నా చెయ్యి దాటిన క్షణంలోనే ఆ సంగతి నాకు తెలుసు. ఆలస్యంగా విసిరాను. నాలుగేళ్లుగా తెలుసు.

"ఒక్క బంతి అంకుల్! మీ లెక్కలో శాతం కూడా కదలదు. వదిలేయండి."

"కదలదు" అని ఒప్పుకున్నారు. "ఓడకి ఏలకేలు అతుకులుంటాయి. నీరొచ్చేది ఒక్క అతుకు కాడే. ఆ పిల్లకి సెప్పినావేటి?"

అంతే, నాకు ఒళ్లు మండిపోయింది. నాకు నోరు ఎక్కువ, మీకీపాటికి తెలిసే ఉంటుంది. "మీకు ఈ ఆట రూల్సే తెలీవు. మూడేళ్లు తప్పు లెక్క రాసింది మీరు. నాకు చెప్పొచ్చారా!" అనేశాను. ఆయన కోప్పడలేదు. "అవును, రాసినాను" అన్నారు. నేను తలుపు విసిరి వచ్చేశాను.

ఆ తర్వాత ఆయన ఇంటికి వెళ్లలేదు. రెండుసార్లు లిఫ్ట్‌లో ఎదురుపడ్డారు. నేను ఫోన్‌లోకి తల దూర్చాను. ఆయన లిఫ్ట్ గోడని ఒకసారి తట్టి, రెండో అంతస్తులో దిగిపోయారు. ఏదో ఒకటి అనకూడదూ నేను? "బాగున్నారా అంకుల్" అంటే నా సొమ్మేం పోయేది? అనలేదు. మూడో వారం ఆయన పోయారు. శనివారం మీటింగు ఇంకా నాలుగు రోజులుంది.

బుధవారం దహనానికి వెళ్లి వచ్చాక ఆంటీ నన్ను లోపలికి పిలిచి, గుడ్డలో చుట్టిన పుస్తకాలు చేతిలో పెట్టింది. "పోయిన వారమే సెప్పినారు, నీకే ఇమ్మని. ఎవులికీ సూపించొద్దన్నారు. ఏదో సంతకం అవలేదంట" అంది. ఆవిడ కళ్లలోకి చూడలేకపోయాను.

మా ఇంట్లో తలుపేసుకుని తెరిచాను. ఆయన తప్పుగా నా మీద వేసిన ప్రతి బంతి చుట్టూ పసుపు సున్నా, పక్కన ఆర్-వన్, దాని పక్కన ఆయన పొడి అక్షరాలు. వందల గడులు! అవన్నీ ఆయన తప్పులు, ఆయనే సరిచేసుకుని సంతకం పెట్టుకున్నారు. చివరి వరుసలో సున్నా ఉంది. ఆర్-వన్ గడి ఖాళీ. సంతకం గడి ఖాళీ. అంచున పెన్సిలుతో "వెల్డరు ఎదురుగా" అని రాసి ఉంది.

నా మీద వేయలేదు. నన్ను వదలనూ లేదు. పెన్ను తీసి ఆ గడిలో "ఫారా" అని రాస్తే అడిగేవాళ్లు లేరు. చూసిన ఒక్క మనిషీ బూడిదయ్యారు. గురువారం, శుక్రవారం ఆ పుస్తకం నా బ్యాగులోనే ఉంది.  రెండుసార్లు పెన్ను మూత తీశాను, రెండుసార్లు పెట్టాను.

శనివారం క్లబ్బు గదిలో కోచ్, కమిటీవాళ్లు ముగ్గురు, పాత ఆటగాళ్లు కొందరు ఉన్నారు. ఫారా కూడా వచ్చింది, చోవా చూ కాంగ్‌లో వాళ్లింటి నుంచి. తలుపు దగ్గర కుర్చీలో కూర్చుంది. కోచ్ పేజీలు తిప్పి, లెక్కలు చాలా శుభ్రంగా ఉన్నాయని మెచ్చుకున్నాడు. "బోర్డు మీద నీ పేరే లా" అని నవ్వాడు. చివరి పేజీకి వచ్చి, "ఇదొక్కటి ఖాళీ ఎందుకు? ఫైనల్ కదా, ఫారా డ్రాప్ కదా?" అన్నాడు. ఫారా తల దించుకుంది. నాలుగేళ్లయినా ఆ పిల్ల తల దించుకుంది.

"కాదు. నాది" అన్నాను.   "నేను ఆలస్యంగా, వెనక్కి విసిరాను. ఆ రోజే నాకు తెలుసు."

ఫారా లేచి బల్ల దగ్గరికి వచ్చింది. "ఆ రోజే తెలుసా?" అని ఇంగ్లీషులో అడిగింది. అవునన్నాను. "నా వీపు తట్టావు కదా" అంది.  ఆమె ఆ పసుపు సున్నా మీద వేలు పెట్టింది. "ఇది అంకుల్ రాసిందా? గొడుగు అంకులా?" అంది. తల ఊపాను. ఆయన పోయారని చెప్పాను. పుస్తకం నా వైపు తోసి, "సైన్ లా" అంది.

సంతకం పెట్టాను. ఫారా బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది. ఆమె వేలికి సుద్ద అంటింది. తుడుచుకోలేదు. బోర్డు మీద ఎవరి పేరు రాయాలో కమిటీ ఇంకా తేల్చలేదు, నేనూ అడగలేదు.

సంతకమైతే అయింది కానీ ఆర్-వన్ ఇంకా ఖాళీ. అది సరిచేశాక రాసేది. ఆ సాయంత్రం ఫారాకి మెసేజ్ పెట్టాను: ఆదివారం పొద్దున్న, అదే గ్రౌండ్, అదే మూల, సరిగ్గా విసురుతాను, వస్తావా. నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు. ఆ ఆదివారం వెళ్లాను, రాలేదు. తర్వాతి ఆదివారమూ రాలేదు.

ఇది మూడో ఆదివారం. గ్రౌండ్ పక్కన అంకుల్ మడత స్టూలు మీద కూర్చుని రాస్తున్నాను, ఆంటీని అడిగి తెచ్చుకున్నాను. బంతి ఒళ్లో ఉంది. బెంచీలన్నీ ఖాళీగా ఉన్నాయి. అయినా రాగానే ఒక బెంచీ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టాను.