గుర్తున్న ఎరుపు

హనుమకొండలో జాకెట్టు గుడ్డల దుకాణానికి వెళ్లాను. కొత్త గుడ్డ మడత విప్పగానే పచ్చి రంగు వాసన గుప్పుమంది. పక్కన ఒకావిడ, "చీర తేలేదు గానీ రంగు బాగా గుర్తుంది" అంటూ ఎరుపు వెతుకుతోంది. నాకు నవ్వొచ్చింది. ఆ వెనకే మా అత్త రాజవ్వ గుర్తొచ్చింది.

నేను నర్సంపేట నుంచి వరంగల్లుకు కోడలిగా వచ్చింది రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో. మామ, మా ఆయన మగ్గం మీద ఉంటే నూలుకు రంగు వేయడం అత్త పని. రంగుపొడి దొరకడమే గగనమైన కాలం. వేసిన ప్రతి రంగులోంచీ ఒక పోగు తీసి, గుడ్డలో చుట్టి, ఎండ తగలని చెక్కపెట్టెలో దాచేది. "కండ్లతోని చూసింది మనసుల పడ్డంక అట్లనే ఉండదే పిల్లా. నచ్చింది చిక్కవడ్తది, నచ్చంది వెలుస్తది" అనేది. ఇంట్లో ఎవరు ఏం గుర్తుందన్నా "పోగు జూపియ్యి" అని నోరు మూయించేది. గయ్యాళి అని వాడలో పేరు. అందులో అబద్ధమేమీ లేదు.

ఒకరోజు సుబేదారి నుంచి లచ్చమ్మ వచ్చింది. ఆమె చెల్లెలు గత్తర, అదే కలరా, తగిలి పోయింది. ఆ చెల్లెలి పెండ్లిచీర మా ఇంట్లో నేసిందే. దాన్ని కట్టించే కాటికి సాగనంపారట. ఇప్పుడు చెల్లెలి బిడ్డకు పెండ్లి.

"మా చెల్లె చీర అసొంటిదే కావాలె రాజవ్వా. పిల్లకు తల్లి పక్కనున్నట్టుండాలె."

అత్త పాత పోగు ముందు పెట్టుకుని అచ్చం అదే రంగు తీసింది. ఇటుక ఎరుపు. లచ్చమ్మ వచ్చి నూలు చూసి తల అడ్డంగా ఊపింది.

"ఇది గాదు. మంకెనపువ్వోలె ఉండె. నా చెల్లె చీర నాకెర్క లేదా?" అంటూ కళ్లనీళ్లు పెట్టుకుంది.

నేను చెక్కపెట్టె కోసం లేచాను. పోగు చూపిస్తే వాదన అక్కడే తేలిపోతుంది. అత్త నా కొంగు పట్టి కూర్చోబెట్టింది.

"నిజమే లచ్చక్కా, నేనే తప్పు జేసిన. మల్ల ఏస్త."

తప్పు ఒప్పుకోవడం ఆమె నోట అంతకుముందు విని ఎరగను. మిగిలిన పొడంతా కాగులో పోసి అదే నూలును మళ్లీ ముంచింది. ఈసారి లచ్చమ్మ తడి నూలునే గుండెకు హత్తుకుంది. రవికంతా ఎర్రబడింది. "గిదే, గిదే" అంది.

ఆమె వెళ్లాక నాకు ఒళ్లు మండింది. "పోగు మనకాడనే ఉండె గదత్తా! ఎందుకు చూపియ్యనియ్యలే?"

"చూపిస్తే మన మాట గెలుస్తుండె. ఆమె ఇంటికి వొయ్యి, చెల్లె మొఖం గూడ తప్పే యాదికున్నదేమోనని బుగులువడుతుండె. ఆ మొఖానికి పోగు యాడికెల్లి తెస్తం?"

ఆ గయ్యాళి మీద నాకు ప్రేమ కలిగింది ఆ రోజే.

దుకాణంలో ఆవిడ ఒక ఎర్రగుడ్డ ఎత్తి "ఇదే కదండీ?" అని నన్నే అడిగింది. వెళ్లి చీర తెచ్చుకోమన్నాను.

అత్త పోయి చాలా ఏళ్లయింది. ఫొటో లేదు. నా తలపులో ఆమె చేతులు రంగు కాగులో ముంచీ ముంచీ మోచేతుల దాకా నీలం. మొన్న ఆ మాటంటే మా మరిది, "అంత లేకుండె వదినా, గోళ్లకాడనే ఉండె" అన్నాడు. కన్నకొడుకు, అతని మాటే నిజం కావచ్చు. నేను వాదించలేదు, పోగు చూపమనీ అడగలేదు. నాకు మాత్రం మోచేతుల దాకా నీలమే.