రెండింటికీ ఒకే వెలుతురు

మా పిన్ని ముప్ఫయ్యొక్కేళ్ళు ఆసుపత్రి రక్తపరీక్షల గదిలో పనిచేసింది. గాజుపలక మీద రక్తపు చుక్కను పలచగా పూసి, ఆరబెట్టి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద తెల్లకణాలను లెక్కపెట్టడం ఆమె పని. ఏమాత్రం అనుమానం వచ్చినా మళ్ళీ మొదటినుంచీ లెక్కపెట్టేది. పెద్ద డాక్టరు గుమ్మంలో నిలబడి తొందరపెట్టినా తల ఎత్తేది కాదట. "నా మొహం ఎప్పుడైనా అంత శ్రద్ధగా చూశావా?" అని బాబాయి దెప్పితే, "నీకు రంగు వెయ్యలేదుగా, కంటికి ఆనవు" అనేది.

ఆమె రిటైరైన ఏడాదే నేను ఒక పరిశోధనశాలలో చేరి, వాళ్ళింట్లోనే ఉండేవాణ్ణి. మావి బతికున్న కణాలను చూసే మైక్రోస్కోపులు. కణాలను ఒంటి వేడిలోనే ఉంచి, లేజరు వెలుతురులో గంటల తరబడి ఫొటోలు తీసి, వాటిని సినిమాలా కలపడం నా పని. మా మేడం, తెల్లకణాలు ఒకచోటికి పాకి చేరకుండా ఆపి వాపు తగ్గించే ఒక కొత్త మందును పరీక్షిస్తున్నారు. మందు వేసిన తెల్లకణాలు ఇరవై నిమిషాలు పాకి ఆగిపోయేవి. వెయ్యనివి పాకుతూనే ఉండేవి. మందు పనిచేస్తోందని ఏడు నెలలుగా మాకు నేలమీద కాళ్ళు నిలవడం లేదు.

ఒకరోజు ఇంటి తాళంచెవి నా జేబులోనే ఉండిపోవడంతో పిన్ని వెతుక్కుంటూ వచ్చింది. తెరమీద కణాలు పాకుతున్నాయి. వాటిని చూసి వచ్చిన పని మరిచిపోయింది.

"ఇవి నడుస్తాయని పుస్తకంలో చదివానురా. ఇన్నేళ్ళూ చచ్చినవాటినే చూశాను" అంటూ కుర్చీ లాక్కుని కూర్చుంది.

కాసేపటికి కణాలు ఆగాయి. మేడం సంతోషంగా మందు సంగతి చెప్పబోయారు. పిన్ని తెరకు దగ్గరగా వంగింది.

"ఇవి ఆగలేదమ్మా, చస్తున్నాయి. అంచుల్లో ఆ బొబ్బలు చూడండి. రక్తం తీసి ఆలస్యంగా పంపితే మా దగ్గరా ఇలాగే ఉండేవి."

మందే చంపుతోందేమోనని మేడం మొహం వాడిపోయింది. మాటిమాటికీ మెరుస్తున్న లేజరు వైపు చూసి పిన్ని ఇంకొకటి అడిగింది.

"మందు లేనివాటికీ ఇంతే వెలుతురు పెట్టారా?"

మేడం నావైపు చూశారు. మందు వేసినవాటిని బాగా గమనించాలన్న ఆత్రంలో అయిదు సెకన్లకో ఫొటో తీశాను. వెయ్యనివాటిని నిమిషానికొకటి. అంటే పన్నెండు రెట్ల వెలుతురు. రికార్డులో రాశాను కూడా, కానీ రెండూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు లేరు. తప్పు నాదేనని చెప్పాను.

మందు కలిపిన మరో గిన్నెను చీకట్లో ఉంచి, గంటకొకసారి మాత్రమే చూశాం. మూడు గంటల తర్వాత కూడా కణాలు హాయిగా పాకుతున్నాయి. మందు ఏ పాపమూ ఎరగదు. చంపింది మా లేజరు వెలుతురే.

ఏడు నెలల ఫలితాన్ని వెనక్కి తీసుకుంటున్నామని మేడం పైవాళ్ళకు ఆ రోజే ఉత్తరం రాశారు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ లోటు ఇంటికొచ్చాక పిన్ని తీర్చింది. తిట్లన్నీ అయ్యాక పక్కన కూర్చుంది.

"ఉద్యోగంలో చేరిన మూడో ఏడు నేనూ రెండు పలకలు తారుమారు చేశానురా. డాక్టరు మందు రాసేలోపే పరిగెత్తుకెళ్ళి చెప్పాను. నలుగురిలో చీవాట్లు తిన్నాను. రెండోసారి లెక్కపెట్టడం అప్పట్నుంచే."

వెలుతురు తగ్గించి, రెండింటికీ ఒకే తీరున, మొత్తం మళ్ళీ చేశాం. అయిదు నెలలు పట్టింది. మందు కణాలను ఆపదు, కాస్త నిదానింపజేస్తుందంతే. చిన్న ఫలితమే అయినా ఎవరు చేసి చూసినా నిలబడింది.

మేడం అడగడంతో ఇప్పుడు పిన్ని మంగళ, శుక్రవారాలు మా దగ్గరికి వస్తోంది. లేజర్ల పేర్లు పలకడానికి ఆమెకు నోరు తిరగదు. "పాపం వీటికి అలుపొచ్చింది, వెలుతురు తగ్గించు" అంటుంది. తగ్గిస్తే, చాలాసార్లు అవి తేరుకుంటాయి. మొన్న ఒక విద్యార్థిని మాత్రం తన గిన్నెలో కణాలకు ఏమీ కాలేదని గట్టిగా వాదించింది. పిన్ని మళ్ళీ మొదటినుంచీ చూసి, ఆ పిల్ల మాటే నిజమని ఒప్పుకుంది. కుర్చీ ఆమెకిచ్చి, తను వెనక నిలబడి చూసింది.