తెర మీది తూర్పు వాకిలి

అమలాపురంలో నేను ఇళ్ల ప్లాన్లు గీసే రోజుల్లో, కంప్యూటర్‌లో ఇంటి బొమ్మ ఆగి ఆగి తిరిగేది. గ్రాఫిక్స్ కార్డు మార్చాలనుకున్నాను. కాకినాడ షాపులో చిన్న కార్డు చాలన్నారు. నేను వినలేదు. ఇల్లు ఆగకుండా తిరగాలి, అంతే. మెమరీ ఎక్కువున్నదే తెచ్చి బిగించాను.

మొదట చూసింది అంబాజీపేట కొబ్బరి వ్యాపారి. ఆయన కట్టబోయే ఇంటిని తెర మీద గిర్రున తిప్పి చూపించాను. ఆయన మొహం మాడ్చుకున్నారు.

"ఆపండి బాబూ. సింహద్వారం దక్షిణానికి వెళ్లిపోతోందండి."

"బొమ్మేనండి."

"ఆయ్, బొమ్మేనండి. అయినా తూర్పుకే ఉంచండి."

వాకిలి మాకు ఎదురుగా వచ్చేలా ఆపేశాను. ఆయన కిటికీలోంచి ఎండ చూసి, ఇప్పుడది పడమరను చూస్తోందన్నారు.

చివరికి ఇద్దరం కలిసి కంప్యూటర్ బల్లనే తిప్పాం.